గ్రీకు, రోమన్ ఉపన్యాసాలు: ‘వారసత్వం’ అనే మాట దగ్గర ఆగి వినండి

ప్రాచీన గ్రీకు, రోమన్ సంస్కృతి మీద, దాని వారసత్వం మీద విదేశీ విశ్వవిద్యాలయాలు ఆన్‌లైన్‌లో ప్రసారం చేసే ఉపన్యాసాలను ఏడాదిగా వింటున్నానని మీరు రాశారు. గ్రీకు, లాటిన్ రాకపోవడం వల్ల మధ్యలోనే దారి తప్పుతున్నానని, చివర్లో వచ్చే ‘వారసత్వం’ భాగం మాత్రం సులువుగా అర్థమవుతోందని, వచ్చే నెలలో రోమన్ వాణిజ్యం మీద ఒక ఉపన్యాసం ఉందని, అసలు ఇందులో మనవాళ్ళకు సంబంధించినది ఏమైనా ఉందా అని అడిగారు. ఎం.ఏ. చరిత్ర విద్యార్థి అడిగిన ప్రశ్న కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. నేను మూడు దశాబ్దాలు ప్రాచీన చరిత్ర బోధించాను, ఇటువంటి ఉపన్యాసాలకు శ్రోతగా చాలాకాలం వెళ్ళాను, గ్రీకు అక్షరాలు నలభై దాటాక దిద్దుకున్నాను. అర్థం కావడం లేదని మీరన్న భాగం గురించి నాకు బెంగ లేదు, అది సాధనతో తీరుతుంది. సులువుగా అర్థమవుతోందన్న చివరి భాగం గురించే నా అనుమానమంతా.

ముందు భాష సంగతి. ఈ రంగంలో వక్త చేతిలోని ప్రసంగపాఠం ఎంత ముఖ్యమో, శ్రోతకు ఇచ్చే హ్యాండవుట్ అంత ముఖ్యం. రెండు మూడు పుటల ఆ కాగితం మీద మూలవాక్యాలు, వాటి అనువాదాలు, వరుస సంఖ్యలు ఉంటాయి; వక్త “నాలుగోది చూడండి” అని ఒక్క మాట అని ముందుకు సాగిపోతారు. ఆన్‌లైన్‌లో అదే కాగితం ఒక లింకుగానో, తెర మీద కాసేపు కనిపించి మాయమయ్యే స్లైడుగానో వస్తుంది కాబట్టి, అది చేతిలో లేకుండా వినేవారు దారి తప్పడంలో వింతేమీ లేదు. వీలైతే ప్రసారం మొదలయ్యే ముందే దాన్ని దించుకోండి. వీలు కాకపోతే మూలవాక్యం రాసుకోవాలని ప్రయత్నించకుండా, దాని పక్కన ఉన్న సంఖ్యను మాత్రం రాసుకోండి. ప్లేటో ‘రిపబ్లిక్’ 514ఏ అని ఉందనుకోండి; అది హాన్రీ ఎస్తియెన్ 1578లో అచ్చువేసిన ప్లేటో సంపుటంలోని 514వ పుటలో మొదటి భాగం అని అర్థం, ప్రసిద్ధమైన గుహ దృష్టాంతం సరిగ్గా అక్కడ మొదలవుతుంది. అరిస్టాటిల్ రచనలకు బెకర్ సంపాదకత్వంలో 1831లో బెర్లిన్‌లో వెలువడిన ముద్రణ పుటలే ప్రమాణం. ఏ భాషలోని అనువాదం తీసుకున్నా, కాస్త శ్రద్ధగా వేసినదైతే అంచున ఆ సంఖ్యలుంటాయి కాబట్టి, ఆ రాత్రే మీరు ఆ వాక్యాన్ని పట్టుకోవచ్చు. ఎడమ పుటలో మూలం, కుడి పుటలో ఇంగ్లీషు ఉండే లోయెబ్ గ్రంథమాల 1912 నుంచి వస్తోంది; గ్రీకుకు ఆకుపచ్చ అట్ట, లాటిన్‌కు ఎర్ర అట్ట. టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వారి పెర్సియస్ డిజిటల్ గ్రంథాలయం ఉచితం, అందులో ఒక్కొక్క పదం మీద నొక్కి దాని వ్యాకరణం చూసుకోవచ్చు.

చెవికి తగిలే చిక్కు మరొకటి ఉంది. రోమన్ వక్త, రచయిత అయిన ఒకరి పేరును ఒకే ఉపన్యాసకుడు ఇంగ్లీషులో మాట్లాడుతూ ‘సిసెరో’ అంటారు, లాటిన్ వాక్యం చదివేటప్పుడు అదే పేరును ‘కికెరో’ అంటారు, ఇటలీ నుంచి వచ్చినవారైతే ‘చిచెరో’ అనవచ్చు. ముగ్గురూ ఒక్కరే. నేను మొదట్లో ఒక పూట అంతా కికెరో ఎవరో అని వెతుక్కున్నాను.

గ్రీకు రాకపోయినా ఫరవాలేదని నేను అనను. అయితే ఒక ఉపన్యాసానికి ఒక్క పదం చొప్పున పట్టుకుంటే చాలని అంటాను. అరిస్టాటిల్ ‘పొయెటిక్స్’ 1449బి దగ్గర విషాదాంత నాటకానికి నిర్వచనం ఇస్తూ ‘కథార్సిస్’ అనే పదం వాడాడు, వాడి వివరించకుండా వదిలేశాడు. దాన్ని శుద్ధి అని ధార్మికార్థంలో తీసుకోవాలా, వైద్యుడు విరేచనానికి మందిచ్చినట్టుగా తీసుకోవాలా అన్నది శతాబ్దాల తగవు. జర్మన్ పండితుడు యాకోబ్ బెర్నైస్ 1857లో వైద్యార్థాన్ని గట్టిగా నిలబెట్టిన తర్వాత అది మరింత ముదిరింది. వక్త ఆ పదాన్ని ఎలా అనువదించారో గమనిస్తే, తర్వాతి నలభై నిమిషాలలో ఆయన ఎటు నడవబోతున్నారో ముందే తెలిసిపోతుంది. మనవాళ్ళు ఆ పదం వినగానే రససిద్ధాంతాన్ని పక్కన పెట్టి పోల్చడానికి తొందరపడతారు. పోలిక తప్పు కాదు, కానీ కథార్సిస్ అంటే ఏమిటో తేలకముందే దాన్ని రసంతో పోల్చడం తూకపురాయి లేకుండా తూచడమే.

భాష విషయంలో వెనుకబడిన మనం మరొక విషయంలో ముందున్నాం. పాఠాంతరం, ప్రక్షిప్తం, మాతృక, పరిష్కరణ అనే మాటలు తెలుగు సాహిత్యం చదివిన ఎవరికైనా కొత్త కావు. తాటాకు ప్రతిలో లేఖకుడు ఎక్కడ కన్ను జారి ఒక పాదం వదిలేస్తాడో, ఎక్కడ తెలివికి పోయి పద్యాన్ని ‘దిద్దుతాడో’ మనకు తెలుసు. గ్రీకు, లాటిన్ గ్రంథాల కథ కూడా ఇదే. సోఫొక్లీస్ నూట ఇరవైకి పైగా నాటకాలు రాస్తే మనకు పూర్తిగా దక్కినవి 7. ఆ ఏడూ దక్కడానికి పెద్ద కారణం, బైజాంటియం పాఠశాలల్లో వాటిని పాఠాలుగా చెప్పుకొని మళ్ళీ మళ్ళీ ప్రతులు రాసుకోవడం. అంటే ‘గ్రీకు మనసు ఇలాంటిది’ అని వక్త అన్నప్పుడు, ఆ మనసులో ఎంత భాగం మధ్యయుగపు ఉపాధ్యాయులు ఎంపిక చేసి మిగిల్చినదో లెక్కలో ఉంచుకోవాలి. ఆర్కిమిడీస్ గణిత గ్రంథం ‘మెథడ్’ అయితే ఇంకా సన్నని దారం మీద వేలాడింది. 10వ శతాబ్దపు ప్రతిని 13వ శతాబ్దంలో ఎవరో గీకి, తోలు పుటలను మధ్యకు మడిచి, పాత అక్షరాలకు అడ్డంగా ప్రార్థనలు రాసుకున్నారు. 1906లో హైబెర్గ్ అనే డేనిష్ పండితుడు కాన్‌స్టాంటినోపుల్‌లో ఆ ప్రార్థనల అడుగున ఉన్న గణితాన్ని భూతద్దంతో చదివాడు. అప్పటివరకు ఆ గ్రంథం లేనట్టే లెక్క. మరో మూడేళ్ళకు, 1909లో, మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని ‘కుమారసంభవము’ అచ్చువేశారు. అది బయటపడ్డాక మన సాహిత్య చరిత్రను ఎంత తిరగరాసుకోవలసి వచ్చిందో, ఎన్ని తగవులు పుట్టాయో మీకు తెలిసే ఉంటుంది. ఆ అనుభవంతో వినండి. మూలపాఠం గురించి వక్త మాట్లాడే నాలుగు నిమిషాలు చాలామంది శ్రోతలకు విసుగు పుట్టిస్తాయి, మనకు మాత్రం అవే ఇంటి మాటల్లా వినిపించాలి.

అన్ని ఉపన్యాసాలనూ ఒకే తూకంలో వేయకండి. పరిశోధక సదస్సులో చెప్పేది ఇంకా పచ్చిగా ఉంటుంది, పదిమంది తోటి పండితులు పొడిచి చూడటానికే అది. బహిరంగ ఉపన్యాసంలో తేలినవి మాత్రమే చెబుతారు, చిక్కులు దాటవేస్తారు. ఈ రెండింటికీ మధ్య, ఏళ్ళ తరబడి పండిన ఆలోచనను వరుస ప్రసంగాలుగా చెప్పి తర్వాత గ్రంథంగా వేసే సంప్రదాయం ఒకటుంది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జేన్ సేథర్ ఇచ్చిన నిధితో నడిచే సేథర్ ఉపన్యాసాలు వాటిలో పేరెన్నికగన్నవి. గ్రీకు పండితుడు ఇ. ఆర్. డాడ్స్ 1949–50లో అక్కడ మాట్లాడుతూ, బ్రిటిష్ మ్యూజియంలో ఏథెన్స్ ఆలయమైన పార్థెనాన్ శిల్పాల ముందు ఒక కుర్రవాడు తనతో అన్న మాటతో మొదలుపెట్టాడు: ఈ గ్రీకు సరుకు తనను కదిలించడం లేదట, ఇదంతా మరీ హేతుబద్ధంగా ఉందట. గ్రీకులు నిజంగా అంత హేతువాదులేనా అని అడుగుతూ కలలు, పూనకాలు, శాపాలు, పితృదోషాల మీదుగా ఆయన నడిపించిన ఆ ప్రసంగాలు 1951లో గ్రంథమయ్యాయి. అరవై దాటిన నాకు ఇప్పటికీ ఉపన్యాసం ఎలా ఎత్తుకోవాలో చెప్పమంటే ఆ ఎత్తుగడే గుర్తొస్తుంది.

అయితే ఎంత గొప్ప ఉపన్యాసమైనా ఆనాటి ఆధారాల మీద నిలబడేదే. మీ వచ్చే నెల అంశానికి దగ్గరి ఉదాహరణ చెబుతాను. కేంబ్రిడ్జ్‌లో పనిచేసిన చరిత్రకారుడు ఎం. ఐ. ఫిన్లీ 1972లో అదే వేదిక మీద ప్రాచీన ఆర్థికవ్యవస్థ గురించి మాట్లాడాడు. మరుసటి ఏడాది అది పుస్తకమైంది. ప్రాచీనుల ఆర్థిక వ్యవహారాలను లాభాపేక్ష కన్నా హోదా, పరువు ఎక్కువగా నడిపాయని, ఈనాటి అర్థంలో ఒకే మార్కెట్టు అప్పుడు లేదని, దూరదేశపు వాణిజ్యాన్ని మనం ఎక్కువ చేసి చూస్తున్నామని ఆయన వాదం. ఒక తరమంతా ఆ వాదంతో ఒప్పుకుంటూనో పోట్లాడుతూనో బతికింది. 1985లో వియన్నాలోని ఒక పపైరస్ (ప్రాచీన ఈజిప్టు రెల్లు కాగితం) ముక్క ప్రచురితమైంది. 2వ శతాబ్దం నాటి ఆ కాగితానికి ఒక వైపు మన పశ్చిమతీరపు రేవు ముజిరిస్‌కు ప్రయాణానికి సంబంధించిన అప్పు ఒప్పందం, రెండో వైపు ‘హెర్మపొల్లోన్’ అనే ఓడలో వచ్చిన సరుకుల లెక్క: గంగా ప్రాంతపు జటామాంసి, ఏనుగు దంతాలు, వస్త్రాలు. నాలుగో వంతు సుంకం పోను ఆ సరుకు విలువ దాదాపు 70 లక్షల సెస్టెర్స్‌లని (సెస్టెర్స్ రోమన్ నాణెం) పండితులు లెక్కగట్టారు. రోమన్ సెనేటులో కూర్చోవడానికి ఉండవలసిన కనీస ఆస్తి 10 లక్షలు. అంటే ఒక్క ఓడలో ఏడుగురు సెనేటర్ల అర్హత తేలి వచ్చిందన్నమాట. ఫిన్లీ వాదం దీనితో కూలిపోలేదు, కానీ దూరదేశపు వాణిజ్యాన్ని ఆయన తగ్గించి మాట్లాడినంతగా ఇక ఎవరూ తగ్గించి మాట్లాడలేరు. అదే అంశం మీద 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ చెప్పిన అంకె కూడా మీకు తప్పక వినిపిస్తుంది: భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టెర్స్‌లకు తగ్గకుండా లాక్కుపోతోందని. మరోచోట ఇండియా, చైనా, అరేబియా కలిపి 10 కోట్లంటాడు, తమ రోమన్ల విలాసాలకు, తమ స్త్రీలకు అయ్యే ఖర్చు ఇదీ అని వాపోతాడు. పపైరస్ సుంకపు లెక్కతో ముడిపడ్డ దస్తావేజు, ప్లినీది నీతి చెప్పే పెద్దమనిషి చేతిలోని అంకె. వక్త రెండింటినీ ఒకే స్లైడు మీద పక్కపక్కన పెడితే, ఆ తేడా చెప్పారా లేదా అన్నది రాసుకోండి.

ఇప్పుడు ‘వారసత్వం’. మన కోర్టు కాగితాలలో పిత్రార్జితం, స్వార్జితం అని రెండు మాటలుంటాయి. తాత తండ్రుల నుంచి నడిచి వచ్చినది మొదటిది, తాను కష్టపడి సంపాదించినది రెండోది. గ్రీకు, రోమన్ వారసత్వం అనగానే యూరపు దాన్ని పిత్రార్జితంలా అనుభవించిందన్న భావం వినేవారి మనసులో కుదురుకుంటుంది. వాస్తవానికి అందులో చాలా భాగం స్వార్జితం, కొంత కొని తెచ్చుకున్నది, కొంత ఇతరుల పెరటి నుంచి కోసుకున్నది. టోలెమీ ఖగోళ గ్రంథాన్ని ఇవాళ యావత్తు ప్రపంచం ‘ఆల్మజెస్ట్’ అని పిలుస్తోంది. ఆ పేరులోని ‘అల్’ అరబ్బీ. బాగ్దాదులో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ వంటి అనువాదకులు 9వ శతాబ్దంలో గ్రీకు వైద్యాన్ని అరబ్బీలోకి తెచ్చారు, 12వ శతాబ్దంలో క్రెమోనా గెరార్డ్ టొలేడోలో కూర్చొని ఆల్మజెస్ట్‌ను అరబ్బీ నుంచి లాటిన్‌లోకి దించాడు. తండ్రి ఆస్తి అయితే పొరుగువాడి దగ్గర ఎందుకు కొనుక్కోవలసి వచ్చింది?

వారసులమని చెప్పుకునేవారు ఆస్తిని తమకు నచ్చినట్టు మార్చుకున్న సందర్భం ఒకటి దగ్గరగా చూద్దాం. గ్రీకు శిల్పం అనగానే తెల్లని పాలరాయి కళ్ళ ముందుకొస్తుంది. ఆ శిల్పాలకు రంగులు వేసేవారు; 1863లో రోము దగ్గర ప్రిమా పోర్తాలో దొరికిన ఆగస్టస్ విగ్రహం మీద ఆ రంగుల జాడలు కంటికే కనిపించాయి. కానీ శరీరం ఎంత తెల్లగా ఉంటే అంత అందమని జర్మన్ పండితుడు విన్‌కెల్‌మన్ 1764 నాటి కళాచరిత్రలో రాసిన మాట యూరపు రుచిలో పాతుకుపోయింది. 1937–38లో లండన్‌లో, కొత్తగా కడుతున్న డువీన్ గ్యాలరీ కోసం పార్థెనాన్ శిల్పాలను శుభ్రం చేసిన పనివాళ్ళు రాగి పనిముట్లతో, కార్బొరండం అనే గరుకు పదార్థంతో పైపొరను గీకారు. శతాబ్దాల వాతావరణం పాలరాతికి ఇచ్చిన తేనెరంగు పోయింది, దానితో పాటు ఉలి జాడల్లో కొన్ని కూడా పోయాయి. ఆ తర్వాత, 2009లో, అవే శిల్పాలను ప్రత్యేకమైన కాంతిలో ఫోటో తీస్తే, కంటికి కనిపించని ఈజిప్షియన్ నీలం పరారుణంలో మెరిసింది. ఐరిస్ దేవత నడుము పట్టీ మీద ఆ మెరుపు స్పష్టంగా కనబడింది. గీకుడు అందని మూలల్లో రంగు రేణువులు అలా ఉండిపోయాయన్నమాట. గ్రీకు కళ సరళమైన తెలుపు అని వారసత్వ భాగంలో ఎవరైనా అంటే, ఆ తెలుపు ఏథెన్స్‌ది ఎంత, లండన్ పనివాళ్ళది ఎంత అని అడిగే హక్కు మీకుంది. సులువుగా అర్థమయ్యే మాటలే ఎక్కువ చాకిరీ దాచుకుంటాయి కాబట్టి, మొదట్లో నేను అనుమానం అన్నది ఇందుకే.

ఇక మన సంగతి. ఇక్కడ నేను ఒకసారి బోల్తా పడ్డాను, అది చెప్పి మొదలుపెడతాను. యువకుడిగా ఉన్నప్పుడు ఒక సదస్సులో లేచి, మా నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి మెట్ల రంగస్థలం ఉంది, అది రోమన్ యాంఫీథియేటర్ ప్రభావమే కదా అని గర్వంగా అడిగాను. వక్త మర్యాదగా రెండు ప్రశ్నలు వేశారు: ఆ మెట్లు వంపు తిరిగి ఉన్నాయా, నాలుగు వైపులా తిన్నగా ఉన్నాయా? నాలుగు వైపులా తిన్నగా ఉన్నాయన్నాను. గ్రీకు రంగస్థలం కొండవాలుకు ఆనుకున్న అర్ధవృత్తం, రోమన్ యాంఫీథియేటర్ అండాకారం. మీది రెండింటిలో ఏది అని అడిగారు. కూర్చున్నాను. నాగార్జునసాగర్ దగ్గరి అనుపులో తిరిగి పేర్చిన ఆ కట్టడాన్ని ఇప్పుడు చూసినా నాకు ఆ రెండో ప్రశ్నే వినిపిస్తుంది. ఇదే పరీక్ష ‘యవనిక’కూ పెట్టండి. నాటకపు తెరను యవనిక అన్నారు కాబట్టి అది యవనుల (గ్రీకుల) నుంచి వచ్చిందని పాఠ్యపుస్తకాలు కూడా రాశాయి, కానీ ఏథెన్స్ నాటకశాలలో మన తెర వంటి తెరే లేదు. వాళ్ళ దగ్గర లేనిదాన్ని మనం వాళ్ళ నుంచి ఎలా తెచ్చుకుంటాం?

పరీక్షకు నిలిచేవి వేరే ఉన్నాయి, అవి చాలా గట్టివి. జ్యోతిషంలోని ‘కేంద్రం’ గ్రీకు ‘కెంట్రోన్’ నుంచి వచ్చింది, ‘హోర’ కూడా గ్రీకు మాటే. యవనులు మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం వాళ్ళ దగ్గర చక్కగా ఉంది కాబట్టి ఋషుల్లా పూజ్యులని వరాహమిహిరుడు దాచుకోకుండా చెప్పాడు. కేంద్ర ప్రభుత్వాన్ని తిట్టుకునే ప్రతి తెలుగువాడూ రోజూ ఒక గ్రీకు మాట వాడుతున్నాడు. రోమన్ల వైపు నుంచి చూస్తే, 1వ శతాబ్దపు గ్రీకు నావికుడు రాసిన ‘పెరిప్లస్’ మసలియా అనే తూర్పుతీర ప్రాంతంలో సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయంటుంది, టోలెమీ అదే ప్రాంతాన్ని మైసోలియా అన్నాడు. కృష్ణా ముఖద్వార ప్రాంతాన్నే అంటున్నారని ఎక్కువమంది అభిప్రాయం. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1500కు పైగా రోమన్ వెండి నాణేలు ఒకే చోట దొరికాయి, ఎక్కువగా ఆగస్టస్‌వి, టైబీరియస్‌వి. వాటి పేరు దెనారియుస్. ఆ పేరు సంస్కృతంలో దీనారమైంది, శ్రీనాథుడి పేర చలామణీలో ఉన్న చాటువులో ‘దీనార టంకాలు’ అయింది. ప్రౌఢదేవరాయల కొలువులో శ్రీనాథుణ్ణి తీర్థమాడించిన ఆ బంగారానికి రోమన్ నాణేలతో ఏ సంబంధమూ లేదు, అప్పటికి రోము సామ్రాజ్యం పశ్చిమాన కూలి దాదాపు వెయ్యేళ్ళయింది. నాణెం చచ్చిపోయింది, మాట బతికింది. వారసత్వం అంటే ఏమిటో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఇంతవరకు దొరకలేదు.

ఆ రోమన్ నాణేనికీ ఈ ‘దీనార’ మాటకూ మధ్య మెట్టు నాగార్జునకొండలోనే ఉంది. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలంలో మహాచైత్యానికి స్తంభాలు నిలిపినప్పుడు, ఉజ్జయిని రాజకుమారి రుద్రధరభట్టారిక ఒక స్తంభానికి 170 ‘దినారి మాషకాలు’ ఇచ్చినట్టు ప్రాకృత శాసనం చెబుతోంది. అవి రోమన్ నాణేలేనా, ఆ పేరు మీద ఏర్పడిన స్థానిక తూకమా అన్నది చర్చలో ఉన్న విషయం. మీ వచ్చే నెల ఉపన్యాసంలో ప్రశ్నల సమయం వచ్చినప్పుడు ఇది అడగండి: రోమన్ నాణెం పేరు దక్కనులో ఎప్పటి నుంచి నాణెంగా కాక లెక్కగా మారింది, ఈ శాసనం దానికి సాక్ష్యమవుతుందా? మన దేశం గొప్పదనం గురించి ముందుమాట పెట్టకండి. శాసనం ఎక్కడిది, ఏ శతాబ్దానిది, ఏ పదం అన్న మూడూ చెప్పి ముప్పై సెకన్లలో ఆపండి. మాషకం అంటే మినపగింజ ఎత్తు అని కూడా విప్పి చెప్పండి. ఆ గదిలో దెనారియుస్ ఎత్తు తెలిసినవాళ్ళు చాలామంది ఉంటారు, మినపగింజ ఎత్తు తెలిసినవారు మీరొక్కరే కావచ్చు.